ఓగ్డెన్ జంక్షన్ నుంచి నాన్నకు

ఓగ్డెన్, యూటా
26 జనవరి 2025, ఆదివారం

నాన్నా,

నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మనోళ్ళందరూ డల్లాస్‌ల ఉంటే, ఆ మంచు గుట్టల కింద ఒక్కదానివి ఏం చేస్తున్నవు బిడ్డా" అన్నావు. ఇంతలో నా ఫ్లయిట్ పిలిచారు, ఫోన్ పెట్టేశాను. వారమంతా ఆ మాటే మెదులుతూ ఉంది. నువ్వు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద రెండుసార్లు చదివితే తప్ప ఏ సంగతీ ఒప్పుకోవు కదా, అందుకని కాగితం మీదే రాస్తున్నాను.

నా పని సంగతి నీకు తెలిసిందే. ఆస్పత్రుల్లో రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ పెట్టించి, డాక్టర్లకూ నర్సులకూ దగ్గరుండి నేర్పించాలి. సోమవారం తెల్లవారుజామున బయల్దేరితే గురువారం రాత్రి తిరిగి రావడం. ఆర్నెల్లు ఒక ఊరు, ఆర్నెల్లు ఇంకో ఊరు. శుక్రవారం ఇంటి నుంచే పని. నేను పెద్ద ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఉంటే కంపెనీకి చాలు, ఏ ఊరన్నది నా ఇష్టం. నీ రైల్వే భాషలో చెప్పాలంటే నేను రన్నింగ్ స్టాఫ్‌ని, బండితో పాటే తిరిగేదాన్ని. హోటల్ నా రన్నింగ్ రూమ్, పై ఊళ్ళో రెస్ట్ తీసుకునే గది. ఇల్లున్న ఊరే హెడ్‌క్వార్టర్.

నీకు గుర్తుందా, నిన్ను సికింద్రాబాద్ మార్పించుకొమ్మని పెదనాన్న ఎంత పోరు పెట్టాడో. పెద్ద ఊరు, పిల్లల చదువులు అన్నాడు. నువ్వు వద్దన్నావు. "అక్కడ ఇల్లొక మూల, డ్యూటీ ఎక్కే లాబీ ఒక మూల. బల్లార్షా పోయొచ్చి పదహారు గంటల రెస్ట్ దొరికితే అందులో నాలుగు గంటలు బస్సుల్లోనే పోతయ్. కాజీపేటల దిగితే పది నిమిషాల్ల నా పిల్లల దగ్గరుంట" అన్నావు. నేను గడప మీద కూర్చుని విన్నాను. ఇల్లు ఎక్కడుండాలని ఆలోచించిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

డల్లాస్‌లో మూడేళ్ళున్నాను. అక్కడ లేనిది లేదు. గుడి, కిరాణా కొట్లు, బతుకమ్మ, పక్కింటి పిలుపులు. విమానాలు కూడా ఎక్కడికంటే అక్కడికి నేరుగా ఉన్నాయి. కానీ వారానికి నాలుగు రోజులు ఊళ్ళో లేనిదాన్ని, వచ్చిన రెండున్నర రోజులూ బట్టలు ఉతుక్కోవడం, సామాను తెచ్చుకోవడం, ఎండకు భయపడి తలుపులేసుకుని పడుకోవడం. మళ్ళీ పెట్టె సర్దుకోవడం. ఇంటికి వచ్చినట్టే ఉండేది కాదు.

2023 జనవరిలో సాల్ట్‌లేక్ సిటీ ఆస్పత్రి పని పడింది. అది ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే చలికాలం. ఆల్టా అనే కొండ మీద ఆ ఒక్క సీజన్‌లో 903 అంగుళాల మంచు కురిసింది, అంటే 75 అడుగులు. ఒక శనివారం నాతో పనిచేసే నర్సొకామె స్కీయింగ్, అంటే కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారడం, నేర్చుకుందువు గాని రమ్మని తీసుకుపోయింది.

దాని గురించి కాస్త చెప్పనీ. బూట్లు గట్టి ప్లాస్టిక్‌వి, పిండికట్టు వేసినట్టు ఉంటాయి. వాటికి నాలుగు బకిల్స్. చల్లగా ఉంటే ప్లాస్టిక్ బిగుసుకుపోయి కాలు దూరదు, అందుకే రాత్రి కారులో వదలకూడదు. స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి మడమలు బయటికి తోస్తే వేగం తగ్గుతుంది, ఇది మొదటి పాఠం. రెండో పాఠమే కష్టం. వాలు చూసి భయమేస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కి, కొండ వైపుకి వాలుతుంది. అలా వాలావా, స్కీలు నీ మాట వినవు, జారి ముందుకు పారిపోతాయి. భయమున్న వైపే, లోయ వైపే ఒంగాలి. పిక్కలు బూటు ముందు గోడను నొక్కుతూ ఉండాలి. అప్పుడే స్కీ అంచు మంచును పట్టుకుంటుంది. ఆ రోజు ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. సాయంత్రం నాలుగింటికి ఒక్క మలుపు కుదిరింది, ఒకే ఒక్కటి. అంచు కింద మంచు సర్రుమని కోసుకుపోయిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ముప్పై ఆరేళ్ళ వయసులో నా ఒంటితో నేను కొత్తగా ఒక పని నేర్చుకున్నాను నాన్నా. ఆ రాత్రి హోటల్ గదిలో ఏడ్చాను, సంతోషంతోనే.

అప్పుడు నిర్ణయించుకున్నాను, నా రెస్ట్ కొండ దగ్గరే గడవాలని. ఏ ఊరన్నది మాత్రం తొందరపడకుండా ఎంచాను.

ముందు డెన్వర్ చూశాను, అందరూ ఆ పేరే చెప్తారు కాబట్టి. ఎయిర్‌పోర్టు చాలా పెద్దదే, కానీ ఊరికి తూర్పున ఎక్కడో మైదానంలో ఉంది. కొండలేమో పడమర. మధ్యలో ఊరంతా దాటాలి. పేరున్న స్కీ కొండలకు దాదాపు ఒక్కటే హైవే, శనివారం పొద్దున ఆ దారి నిండా బండ్లే. రెండు గంటల దారి నాలుగు గంటలు పట్టింది నాకు. సికింద్రాబాద్ గురించి నువ్వు చెప్పిన లెక్కే ఇది.

నెవాడాలోని రీనో నాకు బాగా నచ్చింది. ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే, కొండ దగ్గర, జీతం మీద రాష్ట్రం పన్ను లేదు. అయితే నేను పోవాల్సిన ఊళ్ళకు చాలావాటికి ఇంకో చోట దిగి విమానం మారాలి. చలికాలంలో మారడమంటే ఏంటో నాకు తెలుసు. ఒకసారి మధ్యలో విమానం తప్పిపోయి, రాత్రంతా బెంచీ మీద కూర్చుని, పొద్దున అదే చీరతో వందమంది నర్సుల ముందు నిలబడ్డాను. ఐడహోలోని బోయిసీకి కూడా ఇదే చిక్కు, లేకపోతే ఎంత మంచి ఊరో. దాని కొండ బోగస్ బేసిన్‌ను లాభం చూసుకోని సంస్థ నడుపుతుంది, సామాన్యులకు అందుబాటులో ఉంటుంది.

సాల్ట్‌లేక్ ఒక్కటే అన్నిటికీ కుదిరింది. అది డెల్టా విమానాలకు జంక్షన్ లాంటిది, నాకు కావలసిన ఊళ్ళకు నేరుగా పోవచ్చు. 2020లో కొత్త టెర్మినల్ తెరిచారు, లోపల నడక మాత్రం చాలా ఉంది. అక్కడ దిగి గంటలోపు చాలా స్కీ కొండలకు చేరుకోవచ్చు.

కొండకు దగ్గరంటే కొండ మీదే ఉండాలనుకుంటే మాత్రం మనలాంటివాళ్ళ పని కాదు. పార్క్ సిటీ అందమైన ఊరు, వెళ్ళి చూశాను. అక్కడ నా అద్దె డబ్బుకు ఎవరింట్లోనైనా ఒక గది దొరుకుతుందేమో. నీకొక సంగతి చెప్పాలి, యూనియన్ మనిషివి కాబట్టి. పోయిన డిసెంబరు చివర్లో అక్కడి స్కీ పట్రోల్‌వాళ్ళు, అంటే కొండ మీద గస్తీ తిరిగేవాళ్ళు, సమ్మెకు దిగారు. దెబ్బ తగిలినవాళ్ళను కొండ మీది నుంచి దింపేది, మంచు చరియలు జనం మీద పడకుండా ముందే కూల్చేది వాళ్ళే. దాదాపు 200 మంది. గంటకు 21 డాలర్ల నుంచి మొదలయ్యే జీతాన్ని 23 చేయమన్నారు. పనిచేసే ఊళ్ళో అద్దె కట్టలేక పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళే చాలామంది. పండగ సెలవుల్లో జనాన్ని కొండ మీదికి ఎక్కించే లిఫ్టులు చాలా ఆగిపోయి, జనం బారులు తీరి నిలబడ్డారు. పన్నెండు రోజులకు వాళ్ళే నెగ్గారు. వార్త చదువుతుంటే నువ్వు గేట్ మీటింగ్‌లో మైకు పట్టుకున్నట్టే అనిపించింది.

అందుకే నేను కొండ కిందికి, ఉత్తరం వైపుకి, ఓగ్డెన్‌కు వచ్చాను. ఎయిర్‌పోర్టుకు 35 మైళ్ళు. స్నోబేసిన్ అనే కొండకు మా ఇంటి నుంచి అరగంట. 2002 ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పందేలు ఆ కొండ మీదే జరిగాయి. 2034లో మళ్ళీ ఒలింపిక్స్ ఈ రాష్ట్రానికే ఇచ్చారు, అప్పటికి అద్దెలు ఎట్లుంటాయోనని ఇక్కడ అందరికీ దిగులు. ఇప్పటికైతే ఒక పడగ్గది ఇల్లు 1,150 డాలర్లు. డల్లాస్‌లో 1,600 కట్టేదాన్ని. కాజీపేట ఇంటి లోను పోయిన ఏడాది తొందరగా తీరింది ఈ తేడాతోనే.

స్కీయింగ్ డబ్బున్నవాళ్ళ ఆట అని నువ్వన్నది అబద్ధం కాదు. పెద్ద కొండల్లో కౌంటర్ దగ్గర ఒక్కరోజు టికెట్ కొంటే 200 డాలర్లు దాటుతుంది. కానీ ఈ ఊళ్ళో ఉండేవాళ్ళెవరూ అలా కొనరు. వసంతంలో, మంచు కరిగేటప్పుడే, వచ్చే సీజన్ పాస్ కొనిపెట్టుకుంటారు, అప్పుడే తక్కువ ధర. స్కీలు, బూట్లు నేను అక్టోబరులో పాత సామాను సంతలో కొన్నాను. బూట్లు మాత్రం దుకాణంలో కాలు కొలిపించి సరిచేయించాను. అందులో పిసినారితనం చేస్తే కాళ్ళు పాడవుతాయి.

ఇప్పుడు నీకు నచ్చే సంగతి. ఓగ్డెన్‌కు జంక్షన్ సిటీ అని పేరు. 1869 మే 10న తూర్పు నుంచీ పడమర నుంచీ వేసుకొచ్చిన పట్టాలు ఇక్కడికి దగ్గరలోనే ప్రోమంటరీ అనే చోట కలిశాయి. తర్వాత ఆ రెండు రైల్వేల కూడలి ఓగ్డెన్‌కు వచ్చింది. ఊరంతా రైలు చుట్టూ పెరిగిందే. 1924లో కట్టిన యూనియన్ స్టేషన్ ఇంకా ఉంది, ఇప్పుడది మ్యూజియం. పక్కనే పాత ఇంజన్లు పట్టాల మీద నిలబెట్టారు. గూడ్సులు ఇప్పటికీ పోతాయి. రాత్రి రెండింటికి కూత వినిపిస్తే నాకు మన క్వార్టర్స్‌లో పడుకున్నట్టే ఉంటుంది. డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ తలుపు కొట్టడం, అమ్మ చీకట్లో టీ పెట్టడం, నువ్వు డ్యూటీకి తీసుకుపోయే లైన్ బాక్స్ మూత వేసిన చప్పుడు, అన్నీ వరసగా వస్తాయి.

సోమవారం నేను కూడా రైల్లోనే పోతాను. ఫ్రంట్‌రన్నర్ అని ప్రొవో దాకా పోయే బండి. కారు స్టేషన్‌లో ఊరికే పెట్టుకోవచ్చు. సాల్ట్‌లేక్‌లో దిగి ట్రామ్ ఎక్కితే ఎయిర్‌పోర్టు లోపలే దింపుతుంది. ఆదివారం ఆ బండి నడవదు, ఆ రోజు పోవాల్సి వస్తే కారే గతి.

వీసా సంగతి అమ్మ అడిగిందన్నావు. ఊరు మారితే కంపెనీ లాయర్ సవరణ కాగితాలు వేయాలి, వేయించుకున్నాకే కదిలాను. భయపడొద్దని చెప్పు.

కష్టాలు దాచను. ఇక్కడ మనవాళ్ళు చాలా తక్కువ. గణపతి గుడి సౌత్ జోర్డాన్‌లో ఉంది, గంట దారి. బతుకమ్మకు ఇంట్లో ఒక్కదాన్నే పేర్చుకున్నాను, తంగేడు లేదు, దొరికిన పసుపు పూలతో. రాత్రి మంచు కురిస్తే పొద్దున నేనే పార పట్టుకోవాలి. అన్నిటికంటే నాకు కష్టమైంది జనవరి గాలి. చుట్టూ కొండలు కదా, చల్లగాలి కిందికి దిగి లోయలో నిలిచిపోతుంది, దాని మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, పొయ్యిల పొగ ఎటూ పోదు. వారం రోజులు ఆకాశం బూడిదరంగు, గొంతులో మంట. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ ఊరు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

నిన్న అట్లాంటి రోజే. పొద్దున ఏడింటికి లైట్లు వేసుకుని బయల్దేరాను, ముందు బండి కూడా సరిగ్గా కనపడలేదు. కొండ దారిలో మలుపులు తిరుగుతూ పైకి పోయేసరికి బూడిదరంగు పలచబడి తెల్లగా అయింది, తర్వాత ఉన్నట్టుండి నీలం. కారు పక్కకు ఆపి దిగాను. కింద లోయ లేదు, ఊరు లేదు. చెరువులాగా పొగమంచు నిండి ఉంది, దాని మీద ఎండ. ఎండలో ముఖం పెట్టుకుని నిలబడ్డాను. మెట్టుగుట్ట గుర్తొచ్చింది.

నీ రెస్ట్ రోజు మధ్యాహ్నం దాకా మమ్మల్ని చప్పుడు చేయనిచ్చేది కాదు అమ్మ. నువ్వు లేచి ముఖం కడుక్కుని స్కూటర్ తీస్తే ఇద్దరం ఎక్కేవాళ్ళం, మడికొండ దాకా. రాళ్ళెక్కి పైన కూర్చునేవాళ్ళం. కింద ఎక్కడో బండి కూత వినిపిస్తే అది ఏ బండో, ఎంత లేటో చెప్పేవాడివి. నాకు నువ్వు ఇంట్లో లేని రోజులు అంతగా గుర్తు లేవు నాన్నా. గుట్ట మీద కూర్చున్న సాయంత్రాలే గుర్తున్నాయి. నాకూ వారంలో రెండు రోజులే ఉన్నాయి. అవి అట్లా గడవాలని ఈ ఊరికి వచ్చాను. లీజు ఇంకో ఏడాదికి సంతకం పెట్టాను, డల్లాస్‌కు తిరిగి పోను.

మీరు మే నెలలో రండి. ఇప్పుడు వద్దు, అమ్మ మోకాళ్ళు ఈ చలికి ఆగవు. అప్పటికి కొండల మీది మంచు కరిగి వీబర్ నది నిండుగా పారుతుంది. ఈ రాష్ట్రం వాడుకునే నీళ్ళలో దాదాపు 95 శాతం ఆ మంచు నుంచే వస్తాయట. మనకు లక్నవరం, రామప్ప చెరువులు నిండితే రైతుకు ఎంత ధైర్యమో, ఇక్కడ కొండ మీద మంచు నిండితే అంత. 2022 నవంబరులో ఇక్కడి గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు ఎన్నడూ లేనంత అడుక్కు పోయింది, ఆ 75 అడుగుల చలికాలం వచ్చాకే కాస్త లేచింది. అవన్నీ చూపిస్తాను. స్టేషన్ పక్కన పాత ఇంజన్ల దగ్గర నిన్ను వదిలేసి నేనూ అమ్మా 25వ వీధిలో తిరిగొస్తాం.

శుక్రవారం ఫోన్ చేస్తాను. లెక్క సులువే, ఇక్కడ రాత్రి ఎనిమిదైతే మీకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. టీ తాగుతూ ఉండు.

నీ బిడ్డ