‘ఇక అగ్గి తెగులే రాదు’ అని ఎలా రాస్తారు?

సంపాదకుడికి,

మీ వ్యవసాయం పేజీలో ఆ మధ్య వచ్చిన కొత్త వరి వంగడం వార్త గురించి ఈ లేఖ. అగ్గి తెగులు అంటే శిలీంధ్రం వల్ల వరికి వచ్చే జబ్బు. ఎవరైనా సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. వేయలేదు. ఒక నిరోధక జన్యువును చేర్చారు కాబట్టి ‘ఇక అగ్గి తెగులే రాదు’ అని అధికారి చెప్పారు, మీరు దాన్నే శీర్షికగా పెట్టారు. ఆ జన్యువు ఏది, శిలీంధ్రంలోని ఎన్ని తెగల మీద పరీక్షించారు? ఈ రెండు ప్రశ్నలైనా విలేకరి అడగాల్సింది.

అగ్గి తెగులు శిలీంధ్రం జన్యుక్రమం 2005లోనే ప్రచురితమైంది. దాని పొడవు వరి జన్యుక్రమంలో పదోవంతు, సుమారు 4 కోట్ల డీఎన్ఏ అక్షరాలు. చిన్నదే, కానీ మొండిది. విత్తనం లాంటి దాని సిద్ధబీజం తడి ఆకు మీద మొలకెత్తి కొన్ని గంటల్లోనే నల్లటి బుడిపె కడుతుంది. అందులో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 80 రెట్ల దాకా పెరుగుతుంది, ఆ బలంతో ఆకు పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. దిగాక మొక్క రక్షణను అణచే ప్రోటీన్లు వదులుతుంది. ఉదాహరణకు, వరిలోని పై-టా అనే నిరోధక జన్యువు వాటిలో ఒకే ఒక్కదాన్ని పసిగట్టి, సోకిన కణాన్ని చంపేసి తెగులును అక్కడే ఆపుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే శిలీంధ్ర జన్యువు క్రోమోజోమ్ చివరి కొసన ఉంది. కొసల్లో డీఎన్ఏ తరచూ తెగిపోతుంది. జన్యువు మొత్తం ఊడిపోయినా, ఒక్క అక్షరం మారినా, చోటు మార్చుకునే డీఎన్ఏ ముక్క వచ్చి మధ్యలో దూరినా పై-టాకు శత్రువు ఆనవాలు చిక్కదు. ఈ మూడూ ప్రయోగశాలల్లో కళ్లారా చూసినవే. ఆ శిలీంధ్ర జన్యువు లేకపోయినా శిలీంధ్రం బతికేస్తుంది. ఒకే వంగడాన్ని పొలాల నిండా వేస్తే, అలా తప్పించుకున్న ఒక్క తెగకు అడ్డే ఉండదు.

గోధుమలో జరిగిందీ ఇదే. రై అనే ధాన్యపు మొక్క నుంచి తెచ్చిన ఎస్ఆర్31 నిరోధక జన్యువు దశాబ్దాలపాటు కాండం తుప్పు తెగులును ఆపింది. 1998లో ఉగాండాలో కనిపించిన యూజీ99 అనే తుప్పు శిలీంధ్రం తెగ దాన్ని దాటేసింది. ఇంత తెలిసీ ‘రాదు’ అని ఎలా హామీ ఇస్తారు?

విడుదల సభలకు, ఫొటోలకు ఉన్న శ్రద్ధ తెగల నిఘాకు ఉండదు. మచ్చలున్న ఆకులు ఏరి, ఒక్కో సిద్ధబీజం నుంచి శిలీంధ్రాన్ని పెంచి, ఒక్కో నిరోధక జన్యువు మాత్రమే ఉన్న వరి మొక్కలపై చల్లి, వారం తర్వాత మచ్చల తీరు చూసి మార్కులు వేయాలి. ప్రతి పంట కాలంలోనూ చేయాలి. వార్తకెక్కని పని కాబట్టి కోత పెట్టాల్సి వస్తే ముందు దీనికే పెడతారు. ఏ జన్యువు ఎక్కడ ఓడిపోతోందో తెలియకుండా కొత్త వంగడాన్ని సిఫారసు చేయడం బాధ్యతారాహిత్యం.

రెండు మూడు జన్యువులను ఒకే వంగడంలో పేర్చితే శిలీంధ్రం వాటన్నిటినీ ఒకేసారి తప్పించుకోవాలి, అది కష్టం. అవే జన్యువులను పక్క పొలాల్లో విడివిడి వంగడాలుగా ఇస్తే మాత్రం ఒక్కొక్కటిగా ఓడించే మెట్లు మనమే కట్టిచ్చినట్టు. తెగులును పూర్తిగా ఆపకుండా నెమ్మదింపజేసే పీఐ21 లాంటి జన్యువును కూడా తోడు చేయాలి. నత్రజని ఎక్కువైతే తెగులు పెరుగుతుందనీ, మోతాదును విడతలుగా వేయాలనీ మీ వార్తలో ఒక్క ముక్క కూడా లేదు.

ఆ వంగడంలోని జన్యువు పేరు, పరీక్షించిన తెగలు, ఎన్ని చోట్ల ఎన్ని పంట కాలాలు చూశారన్న వివరాలు సంబంధిత శాఖ నుంచి తెప్పించి, శీర్షిక వచ్చిన పేజీలోనే సవరణ ప్రచురించండి. విత్తనాలు కొనే రోజులు దాటిపోకముందే.

— ఒక పాఠకుడు