విదేశాంగ మంత్రి గారికి: సూడాన్‌కి తిండి పంపండి సార్

నమస్కారం సార్. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలవగానే ఆపరేషన్ కావేరి పెట్టి మనోళ్ళని పోర్ట్ సూడాన్ నుంచి షిప్పుల్లో, ఫ్లైట్లలో తెచ్చారు, మెచ్చుకున్నాం. మరి అక్కడే ఉండిపోయినోళ్ళ సంగతి? 2024 ఆగస్టులో సూడాన్ పడమటి వైపు డార్ఫర్ ప్రాంతంలోని జంజం నిర్వాసితుల క్యాంపులో కరువుందని నిపుణులే తేల్చారు, పక్కనున్న ఎల్ ఫాషర్ నగరాన్ని ఏడాది పైన ముట్టడించి తిండి ఆపేస్తే జనం నూనె తీసేసిన వేరుశనగ చెక్క తిన్నారు, అదీ మనం గేదెలకి పెట్టేది. ఊళ్ళల్లో కుర్రాళ్ళు నడిపే ఉచిత కిచెన్లేమో 2025లో అమెరికా డబ్బులు ఆపగానే చాలా మూతపడ్డాయి.

మన గోడౌన్లలో బియ్యం పెట్టే చోటు లేక ఇథనాల్‌కి ఇస్తున్నాం కదా (దాని మీద నా కోపం వేరే). కాకినాడ నుంచి ఆఫ్రికాకి బియ్యం షిప్పులు ఎలాగూ పోతాయి, కొన్ని పోర్ట్ సూడాన్‌కి పంపలేమా? జొన్నలైతే ఇంకా మేలు, వాళ్ళ అసీదా అచ్చం మన జొన్న సంకటే. 2022లో ఆఫ్ఘనిస్తాన్‌కి పాకిస్తాన్ మీదుగానే గోధుమలు పంపాం, కాబట్టి దారి లేదనకండి. డార్ఫర్‌కి పక్క దేశం చాద్ వైపు నుంచి అద్రే బోర్డర్ ఉంది, ప్రపంచ ఆహార కార్యక్రమం లారీలు అటే వెళ్తాయి. ఆ కిచెన్లకి కొంత క్యాష్ కూడా ఇప్పించండి, వండటానికి కట్టెలూ నీళ్ళూ కూడా కొనాలి కదా సార్.