నీ క్యాలిక్యులేటర్ సంగతి, కొంచెం పెద్ద జవాబు

అమ్మలూ,

నిన్న నీ మెసేజ్ చూశాను, "నాన్నా నా 84ని జైల్‌బ్రేక్ చేసుకోవచ్చా, అమ్మ నిన్నే అడగమంది" అని. నువ్వేమో ఒక్క లైన్లో అడిగేశావు, నాకు ఒక్క లైన్లో చెప్పడం రాదు, నీకు తెలుసుగా. ఇక్కడ తెనాల్లో నాయనమ్మ ఎనిమిదింటికే పడుకుంటుంది, ఆ తర్వాత నాకు పనేం ఉండదు, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా. తెలుగులోనే రాస్తున్నా, మనబడి తెలుగు క్లాసులకి కట్టిన ఫీజు ఎక్కడికీ పోలేదని నా నమ్మకం, మెల్లగా చదువుకో, తట్టుకున్న చోట అమ్మని అడుగు.

ముందు జవాబు చెప్పేస్తా, లేకపోతే ఉత్తరం అంతా టెన్షన్‌గా చదువుతావు. చేసుకో, జైల్‌బ్రేక్ అంటే కంపెనీ పెట్టిన అడ్డు తప్పించి మనకి కావాల్సిన ప్రోగ్రాములు నడుపుకోవడమేగా. అది నీ క్యాలిక్యులేటర్, స్కూల్ వాళ్ళు ఇచ్చింది కాదు, మనం డబ్బులు పెట్టి కొన్నది. స్కూల్‌ది అయ్యుంటే మాత్రం వద్దనేవాణ్ణి, ఇంకో మాట లేదు. అయితే ఏం చేస్తున్నావో తెలిసి చెయ్యి, వీడియో చూసి అందులో చెప్పిన బటన్లు నొక్కేసి "అయిపోయింది" అనుకోవడం కాదు.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) కంపెనీ చేసిన నీ టీఐ-84 ప్లస్ సీఈ లోపల ఉన్నది ఈజడ్80 అనే ప్రాసెసర్, 48 మెగాహెర్ట్జ్. దాని తాత జడ్80, 1976 నాటిది, నేను పుట్టకముందు సంగతి. నీకు ప్రోగ్రాములకి దొరికే ర్యామ్ 154 కేబీ, ఫ్లాష్ ఇంకో 3 ఎంబీ, అంటే నువ్వు నాకు పంపే ఒక్క సెల్ఫీ కూడా పట్టదేమో. 150 డాలర్లకి ఇదా అని అమ్మ కొన్నరోజు కూడా అడిగింది, ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. సరే, ఆ చిన్న బుర్రతో మాట్లాడటానికి రెండు దారులున్నాయి. ఒకటి టీఐ-బేసిక్, నువ్వు క్వాడ్రాటిక్ ఫార్ములాకి రాసుకున్నావు చూడు అది, దానికి ఏ జైల్‌బ్రేకూ అక్కర్లేదు, కంపెనీయే ఇచ్చింది. కానీ దాంట్లో ప్రతి లైనూ చదివి, ఇదేంటో తేల్చుకుని, అప్పుడు చేస్తుంది, లూప్‌లో వెయ్యిసార్లు తిరిగితే వెయ్యిసార్లూ మళ్ళీ మొదట్నించీ చదువుతుంది, అందుకే అంత నత్తనడక. రెండోది అసెంబ్లీ, లేదా సీ అనే భాషలో రాసి, కంప్యూటర్ మీద కంపైల్ చేసి, అంటే ప్రాసెసర్ భాషలోకి మార్చి, పంపడం. అది నేరుగా ప్రాసెసర్ భాషే కాబట్టి మధ్యలో ఎవరూ ఉండరు, మీ ఫ్రెండ్స్ ఆడుకునే గేమ్స్ అంత స్మూత్‌గా ఉండేది అందుకే. ఇప్పుడు కంపెనీ మూసేసింది ఈ రెండో దారినే.

మూసేసింది అన్నాను చూడు, అంటే ఒకప్పుడు తెరిచి ఉందనేగా. ఈ కథ నాకు భలే ఇష్టం. 1990ల మధ్యలో టీఐ-85 అని ఉండేది, దాంట్లో బేసిక్ తప్ప ఇంకేమీ నడిచేది కాదు. కొంతమంది కుర్రాళ్ళు ఏం చేశారంటే క్యాలిక్యులేటర్ మెమరీని కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైల్ లోపల చిన్న మార్పు చేసి, మళ్ళీ వెనక్కి ఎక్కించారు, దాంతో వాళ్ళ సొంత కోడ్ నడిచింది. దానికి జడ్‌షెల్ అని పేరు పెట్టారు. కంపెనీ కేసులు పెట్టిందా అంటే లేదు. 1996లో వచ్చిన టీఐ-83లో అసెంబ్లీ నడపడానికి ఒక కమాండ్ లోపల దాచి పెట్టింది, మాన్యువల్లో చెప్పకుండా. తర్వాత 1999లో టీఐ-83 ప్లస్‌కి వచ్చేసరికి ఏకంగా కేటలాగ్‌లోనే, అంటే అందరికీ కనపడే కమాండ్ల లిస్టులోనే, ఆ కమాండ్ పెట్టేసి, డెవలపర్లకి కిట్ కూడా ఇచ్చింది. పిల్లలు కిటికీలోంచి దూకుతున్నారని తలుపే తీసి పెట్టారన్నమాట. మనం 75 హైవే మీద డాలస్ వెళ్ళేప్పుడు 635 హైవే దగ్గర కనపడతాయే ఆ టీఐ బిల్డింగులు, ఆ కంపెనీలోనే 1958లో జాక్ కిల్బీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసింది, 1967లో చేతిలో పట్టే క్యాలిక్యులేటర్ నమూనా చేసింది కూడా ఆయన టీమే. అలాంటి ఇంజనీర్లున్న చోట పిల్లల కుతూహలం చూసి ముచ్చటపడే వాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఇది నా ఊహ మాత్రమే.

ప్రోగ్రాములకి తలుపు తీశారు గానీ ఓఎస్‌కి, అంటే క్యాలిక్యులేటర్‌ని నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌కి, మాత్రం తాళం వేసే ఉంచారు. కంపెనీ సంతకం లేని ఓఎస్‌ని 83 ప్లస్ ఒప్పుకోదు. ఆ సంతకం ఆర్ఎస్ఏ పద్ధతి, 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అని ముగ్గురు చెప్పింది. మూలం చాలా సింపుల్: రెండు ప్రైమ్ నంబర్లు గుణించడం తేలిక, గుణించాక వచ్చిన నంబర్ ఇచ్చి ఆ రెండూ ఏవో చెప్పమంటే కష్టం. కలిపేసిన పప్పన్నంలోంచి పప్పు వేరు, మెతుకులు వేరు తియ్యమన్నట్టు. 83ని 97తో గుణిస్తే 8051 అని నువ్వు నోటితోనే చెప్తావు, అదే 8051 ఇచ్చి విడగొట్టమంటే పేపర్ తియ్యాల్సిందే. ఆ రెండు ప్రైమ్స్ తెలిసినవాళ్ళు ఎవరైనా కంపెనీ సంతకం పెట్టెయ్యచ్చు. కంపెనీ వాడిన నంబర్ 512 బిట్లు, అంటే దాదాపు 155 అంకెలు. తమాషా ఏంటంటే 83 ప్లస్ మార్కెట్‌లోకి వచ్చిన 1999లోనే, ఆగస్టులో, గణితం వాళ్ళు అదే సైజు నంబర్‌ని విడగొట్టి చూపించారు, అంటే తాళం కొత్తగా ఉన్నప్పుడే పాతబడిపోయింది. కాకపోతే అప్పుడు దానికి వందల కంప్యూటర్లు కావాల్సొచ్చింది. 2009లో ఒకాయన ఇంట్లో ఉన్న మామూలు డ్యూయల్ కోర్ కంప్యూటర్‌ని రెండు నెలలకి పైగా ఆపకుండా నడిపి 83 ప్లస్ నంబర్‌ని విడగొట్టేశాడు. మిగతా మోడల్స్ నంబర్లని కొంతమంది ఇళ్ళలోని కంప్యూటర్లన్నీ కలిపి విడగొట్టారు. అప్పుడు మాత్రం కంపెనీకి కోపం వచ్చింది, ఆ నంబర్లు బయటపెట్టిన వాళ్ళకి డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టం కింద నోటీసులు పంపింది, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ లాయర్లు వాళ్ళ తరఫున నిలబడి, సొంత క్యాలిక్యులేటర్‌లో సొంత ఓఎస్ వేసుకోవడం తప్పు కాదని గట్టిగా ఉత్తరం రాశారు. నంబర్లేమో అప్పటికే అందరి దగ్గరకీ వెళ్ళిపోయాయి. ఒక నంబర్‌ని విడగొట్టినందుకు నోటీసు! మా ఇంటర్ లెక్కల మాస్టారు ఇది వింటే రెండు రోజులు నవ్వేవారు.

ఇంక నీ మోడల్. సీఈ 2015లో వచ్చినప్పుడు అసెంబ్లీ, సీ ప్రోగ్రాములు హాయిగా నడిచేవి. 2020లో ఫ్రాన్స్‌లో ఒక వీడియో వచ్చింది, అక్కడ పరీక్షల్లో క్యాలిక్యులేటర్‌ని ఎగ్జామ్ మోడ్‌లో పెట్టాలి, మెమరీలో ఉన్నవేవీ కనపడకూడదు, దాన్ని ఎలా తప్పించుకోవచ్చో ఆ వీడియోలో చూపించారు. అంతే, టీఐ కొత్త ఓఎస్‌లో అసెంబ్లీ, సీ రెండూ తీసి పారేసింది. మరుసటి ఏడు నమ్‌వర్క్స్ అనే ఫ్రెంచ్ క్యాలిక్యులేటర్ కంపెనీ కూడా అదే దారి పట్టింది, వాళ్ళయితే సోర్స్ కోడ్ మొత్తం అందరికీ కనపడేలా పెట్టి, మార్చుకోండి అని చెప్పుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళు, వాళ్ళూ తాళం వేశారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్తా, నువ్వు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ తాళం నీకోసం వేసింది కాదు, నీ భద్రత కోసం అసలే కాదు. క్యాలిక్యులేటర్‌లో నీ బ్యాంక్ అకౌంట్ ఏమన్నా ఉందా, ఫోటోలున్నాయా? అది పరీక్షలు పెట్టేవాళ్ళ కోసం వేసిన తాళం. వాళ్ళు "ఈ మోడల్ తెచ్చుకోవచ్చు" అని లిస్టులో పెడితేనే స్కూళ్ళు కొనమంటాయి, స్కూళ్ళు అంటేనే మనలాంటి వాళ్ళం కొంటాం, లిస్టులోంచి తీసేస్తే ఆ పాత చిప్‌కి 150 డాలర్లు ఎవరిస్తారు? కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్‌లో చూడు, 2024 నుంచి డెస్మోస్ అనే క్యాలిక్యులేటర్‌ని స్క్రీన్ మీదే ఇచ్చేస్తున్నారు. కంపెనీ భయం నాకు అర్థమవుతుంది, నిజంగానే అర్థమవుతుంది, వ్యాపారం కదా. కానీ ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల దారి మొత్తం మూసెయ్యడం నాకు నచ్చలేదు. మన దగ్గర ఈఏపీసెట్‌కి, అదే మా కాలం ఎంసెట్‌కి, అసలు క్యాలిక్యులేటరే రానివ్వరు, ఇంటర్లో మాకు లాగ్ టేబుల్సే గతి, ఆ లెక్కన చూస్తే అదైనా నయం, ఎవరి వస్తువుకీ తాళం వెయ్యక్కర్లేదు.

సరే పనిలోకి వద్దాం. ముందు సెకండ్ నొక్కి ప్లస్ నొక్కు, మెమరీ మెనూలో మొదటిది అబౌట్, దాంట్లో ఓఎస్ వెర్షన్ ఉంటుంది, అది రాసుకో. ఎవరైనా ఓఎస్ అప్‌డేట్ చెయ్యమంటే తొందరపడకు, ఒకసారి కొత్తది ఎక్కాక పాతదానికి వెనక్కి పోనివ్వదు. మీవాళ్ళు జైల్‌బ్రేక్‌కి వాడే ఆర్టిఫిస్ అనే ప్రోగ్రామ్ సంతకాలు గింతకాలు ఏమీ విరగ్గొట్టదు, చాలా తెలివైన పని చేస్తుంది. క్యాలిక్యులేటర్‌తో పాటే వచ్చే కాబ్రి జూనియర్ అనే జామెట్రీ యాప్ ఉంది కదా, అది బొమ్మల ఫైల్ తెరిచేప్పుడు అందులో ఏముందో సరిగ్గా చెక్ చేసుకోదు, కాబట్టి బొమ్మ లాగా కనపడే ఒక ఫైల్‌ని దానికి ఇస్తే, తెరవగానే లోపల ఉన్న కోడ్ నడిచి, కంపెనీ మూసిన దారిని మళ్ళీ తెరుస్తుంది. నువ్వు రీసెట్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఆ ఫైల్ తెరిస్తే మళ్ళీ వస్తుంది. అంటే క్యాలిక్యులేటర్‌కి శాశ్వతంగా జరిగేదేమీ లేదు, నేను సరే అన్నదానికి సగం కారణం అదే. నీ వెర్షన్‌కి పనిచేస్తుందో లేదో దాన్ని తయారుచేసినవాళ్ళే రాసి పెడతారు, డౌన్‌లోడ్ కూడా వాళ్ళ దగ్గర్నించే చెయ్యి, డిస్కార్డ్‌లో ఎవడో పంపిన జిప్ ఫైల్ వద్దు, ఎందుకంటే అది ముందు తెరుచుకునేది నా ల్యాప్‌టాప్ మీద, దాంట్లో మాత్రం నా బ్యాంక్ అకౌంట్ ఉంది.

మొదలుపెట్టేముందు టీఐ కనెక్ట్ సీఈ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో నీ ప్రోగ్రాములన్నీ కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకో. సీ ప్రోగ్రామ్‌లో చిన్న పొరపాటు ఉన్నా స్క్రీన్ బిగుసుకుపోయి "ర్యామ్ క్లియర్డ్" అని వస్తుంది, భయపడకు, ర్యామ్‌లో ఉన్నవే పోతాయి, ఆర్కైవ్ చేసినవి, అంటే ఫ్లాష్‌లోకి మార్చినవి, ఉంటాయి, కాబట్టి ముఖ్యమైనవి ఆర్కైవ్ చేసుకో. బిగుసుకుపోతే వెనకాల చిన్న రీసెట్ బటన్ ఉంది. కేబుల్ మినీ యూఎస్‌బీ, ఫోన్‌ది పట్టదు, నా టేబుల్ కింది డ్రాయర్‌లో నల్ల సంచిలో ఉంది. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే సెము అని కంప్యూటర్‌లో నడిచే ఎమ్యులేటర్, అంటే నకలు క్యాలిక్యులేటర్ ఉంది, నీ క్యాలిక్యులేటర్‌లోంచే ఓఎస్ ఉండే మెమరీ (ROM) కాపీ తీసి దాంట్లో పెట్టుకుంటే ఎన్నిసార్లు క్రాష్ చేసినా అసలు వస్తువుకి ఏమీ కాదు.

పరీక్షల సంగతి. మెమరీ చెరిపేసినట్టు దొంగ స్క్రీన్ చూపించే ప్రోగ్రాములు ఉన్నాయి, నీకు తెలియకపోతే క్లాసులో ఎవరో ఒకరు ఈ వారంలో చెప్తారు. అది నీ క్యాలిక్యులేటర్‌లో ఉండకూడదు, సరదాకి కూడా, "వాడలేదు నాన్నా ఊరికే పెట్టుకున్నా" అన్నా నేను ఒప్పుకోను, ఆ ఒక్క విషయంలో నాతో వాదించకు. వస్తువు నీది, పరీక్ష నీ ఒక్కదానిది కాదు, పక్క బెంచీ పిల్లది కూడా. కాలేజ్ బోర్డ్ పెట్టే ఏపీ క్యాలిక్యులస్ పరీక్షలో మెమరీ చెరపమని అడగరు, అక్కడ అడగరు కదా అని క్లాస్ టెస్టుకి మీ టీచర్ పెట్టిన రూల్‌ని పక్కన పెట్టకు. టెస్ట్ ఉన్న రోజు ఇంట్లోనే సెకండ్, ప్లస్, 7, 1, 2 నొక్కి నువ్వే రీసెట్ చేసుకుని వెళ్ళు. ఇంకా ముందు, మీ టీచర్‌కి నువ్వే చెప్పు ఇలా పెట్టుకున్నానని. ఆవిడ వద్దంటే స్కూల్‌కి పాత టీఐ-83 తీసుకెళ్ళు, మీ అక్కది అలమరలో పడి ఉంది, బ్యాటరీలు మార్చాలి.

గేమ్స్ వేసుకుంటావని తెలుసు, వేసుకో. కానీ గేమ్స్ కోసమే అయితే ఇంత తతంగం ఎందుకు, ఫోన్ ఉందిగా. నాకోసం ఒకటి చెయ్యి. 1000036000099 అనే నంబర్ ఇస్తున్నా, రెండు ప్రైమ్స్ గుణిస్తే వచ్చింది, అవేవో కనుక్కో. ముందు టీఐ-బేసిక్‌లో రాయి, 2 నుంచి ఒక్కో నంబర్‌తో భాగించుకుంటూ పోయేలా, క్యాలిక్యులేటర్ 14 అంకెల దాకా ఖచ్చితంగా పట్టుకుంటుంది, ఇది 13 అంకెలే కాబట్టి సరిపోతుంది. చాలాసేపు పడుతుంది, ఛార్జింగ్ పెట్టి వదిలెయ్యి. బేసి నంబర్లే చూస్తే సగం పని తగ్గుతుంది, ఇంకా తగ్గించే దారులు నువ్వే ఆలోచించు. తర్వాత అదే సీ లో రాయి, అక్కడ ఒక గోతి ఉంది, నంబర్లు దాచుకునే మామూలు ఇంట్ అనే రకం అంటే ఈ ప్రాసెసర్ మీద 24 బిట్లే, 83 లక్షలు దాటితే తిరగబడిపోతుంది, పెద్ద నంబర్లు పట్టే లాంగ్ లాంగ్ అనే రకం వాడాలి. లాంగ్ లాంగ్ వాడితే ప్రతి భాగహారం నెమ్మదవుతుంది, అది ఎంత నెమ్మదో నాకూ చూడాలని ఉంది.

రెండు టైములూ రాసి పంపు, కోడ్ కూడా పంపు, ఫోటో తియ్యకుండా ఫైల్ పంపు. నాయనమ్మకి బీపీ ఇప్పుడు బాగానే ఉంది, నీకు సున్నుండలు పంపమని పోరు పెడుతోంది, తెస్తాను.

నాన్న