నాన్నగారి కోసం లెక్కపెట్టిన ఆ గొంతుకి

నాన్నగారిని నిన్న సాయంత్రం ఐసీయూ నుంచి మామూలు గదికి మార్చారు. నాలుగు చెంచాల మజ్జిగన్నం తిని "ఉప్పు చాల్లేదు" అన్నారు. ఆ మాట చెవిన పడ్డాకే నాకు ఇది రాసే ధైర్యం వచ్చింది. ఐదు రాత్రులుగా సరిగా నిద్ర లేదు, వరస తప్పితే మన్నించండి.

ఫోన్లు చేసి అడుగుతున్నవాళ్ళందరికీ క్లుప్తంగా చెబుతాను. గురువారం మధ్యాహ్నం ఇంట్లో అమ్మా నాన్నగారూ ఇద్దరే ఉన్నారు. మంచినీళ్ళకని లేచిన మనిషి హాల్లో కుప్పకూలిపోయారు. గుండె ఆగిపోయింది. అమ్మ ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు ఛాతీ నొక్కింది. ఫైర్‌వాళ్ళు వచ్చి రెండు షాకులిచ్చాక గుండె మళ్ళీ కొట్టుకుంది. ఆస్పత్రిలో స్టెంటు వేశారు. అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చేశాడు, వదిన పిల్లల్ని చూసుకుంటోంది, మా ఆయన ఆఫీసు మానేసి ఆస్పత్రిలోనే ఉన్నారు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు, వాళ్ళ సంగతి ఇక్కడితో ఆపుతున్నాను.

నేను దణ్ణం పెట్టాల్సిన మనిషి పేరు నాకు తెలియదు. ముఖమూ తెలియదు. ఇక్కడ సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఆ మధ్యాహ్నం డిస్పాచ్‌లో, అంటే 911 ఫోన్లు ఎత్తి బండ్లు పంపే చోట, డ్యూటీలో ఉన్న ఒకావిడ గొంతు, అంతే. నేను కొన్నేళ్ళుగా మనవాళ్ళకి సీపీఆర్, అంటే ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కే పద్ధతి, నేర్పుతున్నాను కాబట్టి ఆవిడ చేసింది ఎంత కష్టమైన పనో తెలుసు. అందుకే ఒక్కొక్క మెట్టే రాస్తున్నాను. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే చదివి వినిపించండి.

911 వాళ్ళు మొదట అడిగేది ఏమైందని కాదు, ఎక్కడని. లైను తెగిపోయినా అడ్రసు తెలిస్తే బండి పంపగలరు. మా ఇంటి అడ్రసు తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించి ఉంది, అమ్మ దాన్ని చూసి చదివింది. మీరూ ఈ రోజే అంటించండి. చాలా ఊళ్ళలో ఫోన్ ముందు పోలీసు కేంద్రానికి వెళ్ళి, వైద్యం సంగతి అనగానే ఫైర్ డిస్పాచ్‌కి బదిలీ అవుతుంది. మధ్యలో ఒక క్లిక్కు, కాస్త నిశ్శబ్దం. ఫోన్ కట్టయిందనుకుని పెట్టేసి మళ్ళీ కొడతారు చాలామంది. అలా చేస్తే క్యూలో మళ్ళీ మొదటికొస్తారు. పెట్టకండి.

తర్వాత అడిగేవి రెండే ప్రశ్నలు. స్పృహలో ఉన్నారా? ఊపిరి మామూలుగా తీసుకుంటున్నారా? రెండిటికీ 'లేదు' అయితే వెంటనే ఛాతీ నొక్కించడమే. తప్పు జరిగేది రెండో ప్రశ్న దగ్గర. గుండె ఆగిన తొలి నిమిషాల్లో మనిషి ఆగి ఆగి గురక పెట్టినట్టు, చేప నోరు తెరిచినట్టు ఎగశ్వాస తీస్తాడు. అది ఊపిరి కాదు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఆ, ఊపిరి ఉంది" అంటారు, అక్కడ ప్రాణం పోతుంది. అమ్మ కూడా "గురక, గురక" అందట. ఫోన్లో ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు, కానీ ఫోన్లోంచి ఆ చప్పుడు విని గుర్తుపట్టింది.

తెలుగు దుబాసీ కోసం కలిపిన లైనులో ఎవరూ దొరకలేదు. ఆవిడ ఎదురుచూడలేదు. తన ఇంగ్లీషుని మూడు మాటలకి కుదించేసింది: ఫ్లోర్, హ్యాండ్స్, పుష్. ఆ తర్వాత అంకెలు. వన్, టూ, త్రీ, ఫోర్. మళ్ళీ వన్. అమ్మకి అర్థమయ్యే ఇంగ్లీషు అదొక్కటే అని ఎలా కనిపెట్టిందో! ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచాలి, పరుపు మీదో సోఫాలోనో ఉంటే కిందకి లాగాలి, ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఆనించి పెద్దవాళ్ళకి కనీసం రెండంగుళాలు దిగేలా నొక్కాలి, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, నిమిషానికి 100 నుంచి 120. పక్కటెముక విరిగిన చప్పుడు వచ్చినా ఆపకూడదు. నాన్నగారికి రెండు విరిగాయి, అతుక్కుంటాయని చెప్పారు.

మూడో నిమిషంలో అమ్మకి చేతులు పడిపోయాయి. ఏడుస్తూ, తనకి తెలియకుండానే, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అవతలి గొంతు ఒక్క వరస ఆగి వింది. మరుసటి వరస నుంచి అమ్మతో కలిసి తెలుగులో లెక్కపెట్టింది. 'మూడు' ఆవిడ నోట్లో 'ముడో' అయిందిట, 'నాలుగు' 'నలుగో' అయిందిట. తప్పు పలికినా తాళం తప్పలేదు. తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినబడేదాకా అలాగే చెప్పింది. ఆరు నిమిషాల చిల్లర. అంటే 600కి పైగా నొక్కులు. అరవై నాలుగేళ్ళ మా అమ్మ, మోకాళ్ళ నొప్పులతో. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు ఆస్పత్రి వరండాలో అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు రాస్తున్నా చేతులు వణుకుతున్నాయి.

ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్ళు తగ్గుతుంది. అందుకే ఫోన్లోనే సీపీఆర్ చెప్పించే పద్ధతి. 1980ల తొలినాళ్ళలో డాక్టర్ మికీ ఐసెన్‌బర్గ్ బృందం దాన్ని ఈ కౌంటీలోనే తీర్చిదిద్దింది. ఇంకో సంగతి, మీరు ఫోన్లో మాట్లాడుతుంటే బండి ఆలస్యం కాదు. ఒకరు మాట్లాడుతూ టైపు చేస్తుంటే ఇంకొకరు అప్పటికే రేడియోలో బండ్లు పంపేస్తారు. "మాటలు తర్వాత, ముందు పంపండి" అని అరవక్కర్లేదు.

ఇక అందరూ అడుగుతున్న ప్రశ్న: మంటే లేదు, ఫైరింజన్ ఎందుకొచ్చింది? మన రాష్ట్రాల్లో ఫైర్ వేరే శాఖ, 101. అంబులెన్సు వేరు, 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108. ఇక్కడ అలా కాదు. ఫైర్ స్టేషన్లు పేటపేటకీ ఉంటాయి, మనుషులు 24 గంటలూ ఉంటారు, వాళ్ళకి వచ్చే పిలుపుల్లో ఎక్కువభాగం వైద్యానివే. అందుకని ప్రతి ఫైర్‌ఫైటరూ ఈఎమ్‌టీ, అంటే ప్రాథమిక అత్యవసర వైద్యం నేర్చినవాడు, కూడా. ఇది మొదటి అంచె. వీళ్ళు నిమిషాల్లో వచ్చి ఛాతీ నొక్కుతారు, ఏఈడీ అనే చిన్న యంత్రంతో గుండెకి షాకిస్తారు, ఆక్సిజన్ పెడతారు. రెండో అంచె పారామెడిక్కులు, ఇంకా పై వైద్యం నేర్చినవాళ్ళు. ఇద్దరిద్దరుగా మెడిక్ బండిలో వస్తారు. గొంతులోకి గొట్టం వేయడం, నరంలోకో ఎముకలోకో మందివ్వడం, గుండె పట్టీ (ఈసీజీ) తీసి చదవడం వాళ్ళ పని. 22 లక్షలకి పైబడిన జనాభా ఉన్న కౌంటీ మొత్తానికి మెడిక్ బండ్లు ముప్పై లోపే. పిసినారితనం వల్ల కాదు. తక్కువమంది ఉంటేనే ఒక్కొక్కరికి నిజంగా ప్రాణం మీదికొచ్చిన కేసులు తరచుగా తగులుతాయి, చెయ్యి తిరుగుతుంది. వాళ్ళ శిక్షణ 2,000 గంటలకు పైమాటే, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, హార్బర్‌వ్యూ ఆస్పత్రి డాక్టర్ల దగ్గర. 1970లో డాక్టర్ లెనార్డ్ కాబ్, సియాటిల్ ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ కలిసి మొదలుపెట్టిన మెడిక్ వన్ ఇది.

కౌంటీ అంతా ఒకే ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుకునేరు, కాదు. సియాటిల్‌కి సొంతం, బెల్వ్యూకి సొంతం, రెడ్మండ్‌కి సొంతం. కొన్ని ఊళ్ళు కలిసి ఒక ఫైర్ అథారిటీ, ఊళ్ళు లేని చోట ఫైర్ డిస్ట్రిక్టులు, వాటికి ఎన్నికైన కమిషనర్లు. సమ్మామిష్, ఇసక్వా వైపు 1999లో ఏర్పడిన ఈస్ట్‌సైడ్ ఫైర్ అండ్ రెస్క్యూ. ఇన్ని ముక్కలున్నా వైద్యం విషయంలో కౌంటీ ప్రజారోగ్య శాఖ కింద ఒకే గొడుగు, డాక్టర్లు రాసిన ఒకే పద్ధతి. ఊరి సరిహద్దు చూడరు, దగ్గరున్న బండి వస్తుంది.

మా ఇంటికి ఇంజన్‌లో ముగ్గురు, ఎయిడ్ కారులో (ఫైర్‌వాళ్ళ అంబులెన్సు) ఇద్దరు, మెడిక్ బండిలో ఇద్దరు, పైన ఒక అధికారి వచ్చారు. ఇంతమంది ఎందుకంటే ఛాతీ నొక్కేవాళ్ళు రెండు నిమిషాలకోసారి మారాలి. అలసిన చేతికి లోతు తగ్గుతుంది, నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు కూడా. మార్పిడిలో పది సెకన్లకి మించి ఆగకూడదు. ఒకరు నొక్కుతుంటే ఒకరు బ్యాగుతో ఊపిరి, ఒకరు ఏఈడీ, ఒకరు గడియారం చూసి రాసుకోవడం. ఇంకొకరు అమ్మ పక్కన.

మనవాళ్ళు ఎక్కువగా కోప్పడేది "ఆస్పత్రికి తీసుకుపోకుండా అరగంట ఇంట్లోనే ఏం చేశారు?" అని. పక్కింటి పెద్దాయన కూడా నన్ను అడిగారు. కదిలే బండిలో ఛాతీ సరిగ్గా నొక్కడం కుదరదు. మొదట గుండె కొట్టుకోవాలి, ఆ తర్వాతే స్ట్రెచర్. ఆస్పత్రి అత్యవసర విభాగంలో తొలి నిమిషాల్లో చేసేది చాలావరకు ఆ హాల్లోనే జరిగింది.

రెండు చోట్ల మేం వాళ్ళని ఇబ్బంది పెట్టాం, మీరు పెట్టకండి. గుమ్మం లోపల చెప్పుల స్టాండు. దాన్ని పక్కకి ఈడ్చాకే స్ట్రెచర్ తిరిగింది. రెండోది మందులు. అమ్మ ఇచ్చినవి కత్తిరించిన స్ట్రిప్పులు, పేరు సగమే ఉంది, ఉన్నదీ ఇండియా బ్రాండు. ఈకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని, సార్బిట్రేట్ అంటే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అని, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ అని ఇక్కడి పారామెడిక్కుకి తెలియాలని లేదు. అసలు మందు పేరు, మోతాదు, రోజుకెన్ని, పడనివేవి, ఇవన్నీ ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి, ఆ ఫ్రిజ్ మీదే అడ్రసు పక్కన పెట్టండి. గేటు కోడ్ కూడా.

కృతజ్ఞతల మధ్య ఇవి రాయకూడదేమో, కానీ కడుపు మండుతోంది. ఫెడరల్ ప్రభుత్వపు 2018 ఉద్యోగాల వర్గీకరణలో 911 డిస్పాచర్లు ఎక్కడున్నారో తెలుసా? ఫైర్, పోలీసు వరసలో కాదు, ఆఫీసు గుమాస్తాల వరసలో. మా నాన్నగారి ప్రాణాన్ని గొంతుతో పట్టుకున్న మనిషి లెక్క ప్రకారం గుమాస్తా! పైగా ఫోన్ పెట్టేశాక ఆ మనిషి ఉన్నాడో పోయాడో చాలాచోట్ల వాళ్ళకి చెప్పేవాళ్ళుండరు. ఆవిడ వెంటనే ఇంకో ఫోన్ ఎత్తి ఉంటుంది.

ఇంకోటి. మెడిక్ వన్ ఖర్చు ఆస్తిపన్ను మీద వేసే ప్రత్యేక లెవీతో నడుస్తుంది. 1979 నుంచి ఉంది. ఇప్పుడు ఆరేళ్ళకోసారి ఓటర్లు మళ్ళీ ఒప్పుకోవాలి. 2019లో ఒప్పుకున్నది వెయ్యి డాలర్ల విలువకి 26.5 సెంట్లు, అంటే అప్పట్లో పది లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 265 డాలర్లు. ప్రాణాలు కాపాడే బండి ఆరేళ్ళకోసారి జనం ముందు చెయ్యి చాచాలా? గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మనం ఆ పన్ను కడతాం, ఓటు మాత్రం లేదు. పౌరసత్వం వచ్చినవాళ్ళు దయచేసి బ్యాలెట్ చివరిదాకా చదివి ఆ గడి నింపండి.

తర్వాత ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మార్చిన ప్రైవేటు అంబులెన్సు బిల్లు, విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీతో నా గంటల తరబడి ఫోన్లు, అదంతా వేరే పురాణం. ఒక్కటే చెబుతాను, అమ్మానాన్నలకి చవగ్గా వస్తుందని ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాను కొనకండి. ఒక్కో పనికీ ఇంత అని ముందే గీసిన గీత దాటి పైసా ఇవ్వరు.

అమ్మా, నీ పేరు తెలియని తల్లీ, ఆయన ఉన్నారు. ఉప్పు తక్కువైందని అడుగుతున్నారు. డిస్పాచ్‌లో పనిచేసేవాళ్ళు మీకెవరికైనా తెలిస్తే ఈ కబురు ఆవిడకి చేర్చండి. తెలుగులో లెక్కపెట్టిన ఆవిడ అంటే చాలు, ఆవిడకి అర్థమవుతుంది.

అయ్యో, చాలామందిని మర్చిపోయాను. రోడ్డు మీదకి పరిగెత్తి చేతులూపి ఇంజన్‌కి దారి చూపించిన ఎదురింటి కుర్రాడు. స్టెంటు వేసిన రాత్రి క్యాథ్ ల్యాబ్ బృందం. అమ్మకి దుప్పటి కప్పి, టీ తెచ్చిచ్చిన రాత్రి నర్సు, ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆ మజ్జిగన్నం తెచ్చిన శారదక్కయ్యగారు, రెండుపూటలా కారియర్ పంపుతున్న గుడి వాళ్ళు. మా కారు తీసి ఇంజన్‌కి చోటిచ్చింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఇంకొకరు. ఆ రాత్రి రెండింటికి ఇంటికెళ్ళి చూస్తే హాల్లో ఒక్క ప్లాస్టిక్ కవరు లేదు, జరిపిన సోఫా మళ్ళీ తన చోట ఉంది. పొయ్యి మీద పప్పు కుక్కర్, కింద మంట ఆపేసి ఉంది. అమ్మ ఆపలేదు. నాన్నగారి కళ్ళజోడు మడిచి, విరగకుండా, దేవుడి గూట్లో పెట్టి ఉంది.