చెవి మెత్తల ఊసేదీ?

సంపాదకులకు,

గేమింగ్ హెడ్‌సెట్లను పోలుస్తూ మీరు వేసిన వ్యాసంలో మైకు గురించి, రంగురంగుల లైట్ల గురించి బోలెడు రాశారు. చెవికి ఆనే మెత్తల గురించి ఒక్క ముక్క లేదు. రోజూ మూడు నాలుగు గంటలు తగిలించుకునే నాలాంటివాడికి ముందు కావాల్సింది అదే.

రెండేళ్లు దాటగానే నా హెడ్‌సెట్ మెత్తల రెగ్జిన్ పొట్టు రాలడం మొదలైంది. ఆట ముగించి అద్దంలో చూసుకుంటే చెవుల చుట్టూ నల్లటి పొలుసులు. మా ఆవిడ మసి అనుకుంది. చెమట, తేమ తగిలీ తగిలీ రెగ్జిన్ మీదుండే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత అలా ఊడొస్తుంది. వాడాక పొడిగుడ్డతో తుడిస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది, అంతే.

సరేనని వెల్వెట్ మెత్తలు వేశాను. ఉక్క పోయింది, చెవులకు ప్రాణం లేచొచ్చింది. ఆటలోని పేలుళ్లలో దమ్ము కూడా పోయింది! గుడ్డ సందుల్లోంచి గాలి జారితే బేస్, అంటే ఆ బరువైన కింది శబ్దం, తగ్గుతుంది మరి. కళ్లజోడు కాడ దగ్గర సందు పడినా ఇదే తిప్పలు. ఈసారి మందపాటి మెమరీ ఫోమ్ (నొక్కితే మెల్లగా పైకి లేచే స్పాంజి) మెత్తలు వేస్తే, స్పీకరు చెవికి దూరమై మాటలు పక్కగదిలోంచి వచ్చినట్టున్నాయి.

చివరికి చెవివైపు గుడ్డ, పక్కలకు రెగ్జిన్ ఉన్న జత దగ్గర ఆగాను. శబ్దంలో హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజర్‌లో బేస్ కాస్త పెంచుకున్నాను. ఈ ప్రయత్నాల మధ్యలో, మెత్త తొడిగే కప్పు కోలగా ఉంటే దానికి గుండ్రటి మెత్తలు తెప్పించిన ఘనత కూడా నాదే లెండి.

ఈసారి పోల్చినప్పుడు మెత్తలు ఊడదీయడానికి వస్తాయా, కొలతెంత, విడిగా దొరుకుతాయా అన్నవి కూడా రాయండి.

- ఒక పాఠకుడు