టికెట్టు కొన్నాక ధర తగ్గితే ఆ తేడా సొమ్ము ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారములు.

విమానం టికెట్టు కొన్న తరువాత అదే విమానంలో, అదే రోజున, అదే తరగతి సీటు ధర తగ్గితే, ముందుగా డబ్బు కట్టినవారికి ఆ తేడా ఏ రూపంలోనూ తిరిగి రాని పద్ధతి గురించి ఈ లేఖ రాస్తున్నాను. తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా విరమించినవాణ్ణి. ప్రతి పైసాకూ రసీదు రాసి, రాయించుకుని బతికిన ఉద్యోగం కాబట్టి ఈ లెక్క నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. మాకు ప్రభుత్వం భువనేశ్వర్‌లో ఉన్నా వైద్యం, వియ్యాలు, పిల్లల ఉద్యోగాలు చాలావరకు విశాఖపట్నం, హైదరాబాదుల వైపే. విమానం ఎక్కాలంటే పాతపట్నం దాకా ఆటోలో వెళ్లి, అక్కడ ఆర్టీసీ బస్సు పట్టుకుని, శ్రీకాకుళం మీదుగా నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ చేరాలి. విమానం ఎక్కేవారంతా కలిగినవారేనన్న అభిప్రాయం ఇంకా చాలామందిలో ఉంది గానీ, మా వైపు నుంచి వెళ్లేవారిలో పరాయి ఊళ్లలో వెల్డింగు పనికి వెళ్లే కుర్రవాళ్లు, ఆపరేషన్లకు వెళ్లే వృద్ధులు, పరీక్షలకు వెళ్లే పిల్లలు ఉంటారు. వీరెవరూ విలాసానికి వెళ్లరు. డాక్టరు ఇచ్చిన తేదీ, ఉద్యోగంలో చేరవలసిన తేదీ ముందే ఖాయమై ఉంటాయి కనుక టికెట్టు కూడా ముందే కొంటారు.

మేము కొన్నదీ అలాగే. మా ఆవిడకు హైదరాబాదులో మోకాలి ఆపరేషన్. రైలులో రాత్రంతా కూర్చోలేదు, పై బెర్తు ఎక్కలేదు. డాక్టరు తేదీ ఇవ్వగానే నలభై రోజుల ముందు, మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్లో విశాఖ నుంచి హైదరాబాదుకు రెండు టికెట్లు కొన్నాను. ఒక్కొక్కటి రూ.6,380. రెండున్నర వారాల తరువాత ఆవిడ స్కాన్ రిపోర్టు ప్రింటు తీయించడానికి మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే అబ్బాయి మాట వరసకు మా ప్రయాణం తేదీ కొట్టి చూశాడు. అదే విమానం, అదే సమయం, సామాను పరిమితి కూడా అదే. ధర మాత్రం రూ.4,120 కనిపించింది. ఇద్దరికీ కలిపి రూ.4,520 తేడా.

పాతవి రద్దు చేసి కొత్తవి కొందామన్నాను. ఆ అబ్బాయి ప్రింటు కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో లెక్క వేశాడు. ఒక్కో టికెట్టుకు విమాన సంస్థ రద్దు రుసుము రూ.3,600, టికెట్టు కొన్న పోర్టల్ రుసుము మరో రూ.300. చేతికి వచ్చేది రూ.2,480. కొత్త టికెట్టు రూ.4,120. అంటే రూ.2,260 మిగుల్చుకుందామని వెళ్తే రూ.1,640 ఎదురు పోతుంది. "మాస్టారూ, దీన్ని కదపకండి. కదిపితే ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. విమాన సంస్థ ఫోను నంబరుకు కాల్ చేసి, రద్దు చేయకుండా తేడా మాత్రం తరువాతి ప్రయాణానికి జమ చేయవచ్చా అని అడిగాను. అటువంటి పద్ధతి లేదని మర్యాదగానే చెప్పారు. ఆ ఉద్యోగిని తప్పు పట్టను. ఆవిడ చేతిలో ఏమీ లేదు.

ధర ఎందుకు తగ్గుతుందో నాకు తెలియక కాదు. ఒక విమానంలోని సీట్లన్నిటికీ ఒకే ధర ఉండదు. అన్నీ ఒకే తీరు సీట్లయినా వాటిని కొన్ని ధరల మెట్లుగా విడదీసి, అమ్మకం వేగాన్ని బట్టి కంప్యూటరు ఒక మెట్టును మూసి మరో మెట్టును తెరుస్తుంది. పోటీ సంస్థ అదే దారిలో కొత్త సర్వీసు వేసినా, పండగ రద్దీ దాటిపోయినా, అనుకున్నన్ని సీట్లు అమ్ముడుపోకపోయినా కింది మెట్టు మళ్లీ తెరుచుకుంటుంది. ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ సంస్థలకు 1994 నుంచి ఉంది. అది ఉండకూడదని నేను అనను. దాని వల్లే మావంటివారు విమానం ఎక్కగలుగుతున్నాం. కొన్న తరువాత ధర పెరిగితే సంస్థ మన దగ్గరకు వచ్చి అదనం అడగడం లేదన్నది కూడా నిజమే, ఆ న్యాయాన్ని ఒప్పుకుంటాను. అందుకే తేడా సొమ్ము నగదుగా నా చేతిలో పెట్టమని నేను అడగడం లేదు.

నా అభ్యంతరమంతా రద్దు రుసుము దగ్గరే. ప్రయాణానికి ఇంకా మూడు వారాలు ఉండగా నేను సీటు వదిలేస్తే, ఆ సీటును సంస్థ ఆ క్షణమే రూ.4,120కి మరొకరికి అమ్ముకోవచ్చు. నా దగ్గర రుసుముగా రూ.3,600 ఉంచుకుంటుంది. ఎగిరేది ఒక్క సీటు, దాని మీద వసూలయ్యేది రూ.7,720. ఆఖరి రోజున రద్దు చేస్తే సీటు ఖాళీగా పోయే ప్రమాదం ఉంది కాబట్టి రుసుము ఉండాలంటే అర్థం చేసుకోగలను. మూడు వారాల ముందు ఏ నష్టానికి ఈ రుసుము? రైల్వేలో మూడో ఏసీ టికెట్టును బాగా ముందుగా రద్దు చేస్తే మనిషికి ఒక చిన్న నిర్ణీత రుసుము, దానిపై పన్ను పోతుంది, మిగతాది ఖాతాలో పడుతుంది. రైలుకూ విమానానికీ ఖర్చులో పోలిక లేదని ఎవరైనా అనవచ్చు. ఖర్చు వేరు, వదిలేసిన సీటును తిరిగి అమ్ముకునే వీలు వేరు. ఆ వీలు రెండింటికీ ఒకటే.

ఇప్పుడున్న నిబంధనల్లో ప్రయాణికుడికి పనికివచ్చేవి లేకపోలేదు. అవి మా సరిహద్దు ఊళ్లలో పదిమందిలో ఒకరికి కూడా తెలియవని నా అనుమానం. ప్రయాణానికి వారం రోజులకు పైగా గడువుండి, సంస్థ వెబ్‌సైట్‌లోనే నేరుగా టికెట్టు కొంటే, కొన్న 24 గంటల్లోగా రుసుము లేకుండా రద్దు చేసుకునే వెసులుబాటు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఏళ్ల తరబడి ఉండేది. అంటే ఈ రోజు కొన్నవారు రేపు ఇదే వేళకు ముందు మరొకసారి ధర చూసి, తగ్గితే పాతది వదిలి కొత్తది కొనుక్కోగలిగేవారు. ఈ గడువును 48 గంటలకు పెంచాలని 2025 నవంబరులో డీజీసీఏ ముసాయిదా వెలువరించి, 2026లో దాన్ని అమలులోకి తెచ్చింది. ఇది మంచి అడుగే. అయితే ధర ఆ రెండు రోజుల్లోనే తగ్గాలని లేదు, రెండు మూడు వారాల తరువాత కూడా తగ్గవచ్చు. నా విషయంలో జరిగిందీ అదే. పైగా మా ఊళ్లో పెద్దవాళ్లకు సొంత కార్డు ఉండదు, ఓటీపీ చెప్పాలంటే భయం. టికెట్టు కొనేది ఏజెంటు దగ్గరో, ఇంటర్నెట్ సెంటర్లోనో. వెసులుబాటు మాత్రం నేరుగా కొన్నవారినే దృష్టిలో పెట్టుకుని రాసినట్టు ఉంది. ఏజెంటు ద్వారా కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదేనని, ఏజెంట్లు ఆ సంస్థ నియమించుకున్న ప్రతినిధులేనని ఆ నిబంధనల్లోనే ఉన్నప్పుడు, ఈ వెసులుబాటు దగ్గర మాత్రం నేరుగా కొన్నవారినీ ఏజెంటు దగ్గర కొన్నవారినీ వేరుగా చూడడానికి కారణం కనబడదు.

రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదని, వాపసు ఇవ్వడానికి సంస్థ అదనపు రుసుము తీసుకోకూడదని 2016లో ఉత్తర్వు వచ్చింది. వాపసు ఉండదని అమ్మిన టికెట్టు మీద కూడా, అసలు ప్రయాణమే చేయకపోయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుము వంటివి తిరిగి ఇవ్వవలసిందే. ఈ మాట తెలియక "ఎలాగూ ఏమీ రాదు" అని రద్దు చేయకుండా వదిలేసినవారిని నేను ఎరుగుదును. నిబంధన ప్రకారం రావలసిన సొమ్ము రాకపోతే కేంద్ర విమానయాన శాఖ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో గాని, 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి గాని ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ కార్యాలయం ఢిల్లీలో ఉన్నా ముంబయిలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. కొన్న విలువ ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. కొన్నాక తగ్గిన ధర తేడాను మాత్రం ఇవేవీ ఇప్పించలేవు. దానికి నిబంధనే రావాలి.

ప్రభుత్వం ధరల్లో కలుగజేసుకోదన్న వాదన నిలవదు. 2020 మేలో విమానాలు తిరిగి మొదలైనప్పుడు ప్రయాణ సమయాన్ని బట్టి ఛార్జీలకు పై హద్దు, కింది హద్దు పెట్టింది. 2022 ఆగస్టు 31 వరకు ఏదో ఒక రూపంలో అవి సాగాయి. ఆ కింది హద్దు బలహీనమైన సంస్థలు పోటీలో నష్టపోకుండా పెట్టినది. 2025 డిసెంబరులో విమానాలు పెద్ద ఎత్తున రద్దయి ధరలు ఆకాశానికి అంటినప్పుడు 500 కిలోమీటర్ల లోపు దూరానికి రూ.7,500 మించరాదని మళ్లీ హద్దు గీసింది. మితిమీరి తగ్గినప్పుడు సంస్థను, మితిమీరి పెరిగినప్పుడు చివరి నిమిషం ప్రయాణికుణ్ణి ఆదుకున్నారు. నెలన్నర ముందే డబ్బు కట్టినవాడి సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఇది ఎక్కడా లేని కోరిక కూడా కాదు. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడితో ఈ విషయం మాట్లాడితే, అక్కడి పెద్ద సంస్థలు 2020లో చాలా టికెట్లపై మార్పు రుసుము ఎత్తివేశాయని, ధర తగ్గితే అదే విమానంలో కొత్త ధరకు మార్చుకుని మిగిలినదాన్ని తరువాతి ప్రయాణానికి జమగా పెట్టుకుంటారని చెప్పాడు. అన్నిటికన్నా చవకైన తరగతి టికెట్లకు ఈ సౌకర్యం సాధారణంగా లేదన్నాడు. ఆ జమ వాడుకోవడానికి కూడా గడువు ఉంటుందట. నేను కోరేది అంతకు మించినది కాదు. ప్రయాణానికి వారం ముందు వరకు, ప్రయాణికుడు తానుగా అడిగితే, ఒక టికెట్టుకు ఒక్కసారి, అదే విమానంలో అదే తరగతి సీటుకు అప్పటి ధర వర్తింపజేసి తేడాను ఏడాది పాటు చెల్లే జమగా ఇవ్వాలి. ఏజెంటు దగ్గర కొన్నా ఇది వర్తించాలి. జమ ప్రయాణికుడి పేరు మీద ఉండాలి గాని ఏజెంటు ఖాతాలో కాదు. ఇలా చేస్తే సంస్థలు ధరలు తగ్గించడమే మానేస్తాయని ఒక మిత్రుడు అన్నారు. కొంత మానవచ్చు. ఖాళీ సీటు మీద రూపాయి రాదు కాబట్టి పూర్తిగా మానలేవు. తేడా అడగడానికి తీరిక చేసుకునేవారు అందరూ ఉండరు కూడా.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. టికెట్టుతో పాటు వచ్చిన షరతులు నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. రద్దు రుసుము ఎంతో తెలుసుకోవడానికి రెండుసార్లు చదివాను, ఇంటర్మీడియట్ చదువుకున్న నాకే తలతిరిగింది. ప్రజలకు అర్థమయ్యే తెలుగులో రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. "ఈ తేదీలోగా రద్దు చేస్తే మీకు ఇంత వస్తుంది" అన్న ఒక్క వాక్యం, డబ్బు కట్టకముందే, తెలుగులో, ఒడియాలో, కొనేవారికి వచ్చిన భాషలో కనిపించాలి. అది ముందే కనిపించి ఉంటే ఆ రోజు నేను మరో వారం ఆగి ఉండేవాణ్ణేమో.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో మోకాలికి ఇంకో నాలుగు నెలల్లో మళ్లీ వెళ్లాలి. ఈ లేఖ ప్రతిని డీజీసీఏకు, మా పార్లమెంటు సభ్యుడికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇలాగే తేడా పోగొట్టుకున్నవారు తాము కొన్న తేదీ, కట్టిన ధర, తరువాత చూసిన ధర, చెప్పిన రద్దు రుసుము రాసి పెట్టుకుని వారికి పంపవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.