బిడ్డ పోయినా అప్పు పోదా?

సంపాదకునికి,

విద్యారుణం పిల్లల పేరున ఉన్నా, సాధారణంగా తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాల్సిందే. మా అమ్మాయి కోసం నేనూ పెట్టాను. కోర్సు అయ్యాక ఏడాది గడువు, ఆపై 15 ఏళ్ల దాకా వాయిదాలు. యాభైలో సంతకం పెట్టినవాళ్లు డెబ్బైకి చేరుకుంటారు. రూ.7.5 లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో పొలమో తాకట్టు కూడా. ఇవన్నీ ఎలాగో భరిస్తాం. కానీ చదువుతున్న బిడ్డే చనిపోతే? రుణానికి బిడ్డ పేరున జీవిత బీమా లేకపోతే ఆ అప్పు తల్లిదండ్రుల మీదే పడుతుంది. అమెరికాలో పిల్లల చదువుకు తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వం నుంచి తీసుకునే ‘పేరెంట్ ప్లస్’ రుణం, విద్యార్థి మరణిస్తే రద్దవుతుంది. మన పార్లమెంటూ అలాంటి చట్టం చేయాలి. కడుపుకోతతో ఉన్న ఇంటికి బ్యాంకు నోటీసు వెళ్లకూడదు. ఇందుకోసం రుణానికి బీమా పెడితే, దాని ప్రీమియం ఎవరు కట్టాలో కూడా ఆ చట్టంలోనే రాయాలి.

- ఒక తండ్రి, ఖమ్మం